అంజూరపు చెట్టు చెప్పిన పాఠము
(వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయుల ఉపన్యాసము)



మన బడి బావి ప్రక్కనున్న అంజూరపు చెట్టును మీరందరు ఎరుగుదురు. ఈనాడు దానిని గూర్చియే నాలుగు మాటలు చెప్పదలచినాను. మన బళ్లారికి అంజూరము క్రొత్త పంట కాదు. ఈ ఊరి పేరనే ఒక అంజూరపు రకము కలదు.

అంజూరమును మొలిపించుట సులభము. ముదురు కొమ్మను జానెడు ముక్కగా కోసి నాటిన చాలును, వేరు తన్నును. కాని దాని యిష్టమునకు విడిచిన యెడల మొదటినుండి పిలకలు లేచి, చెట్టు కాక పొద యగును. నడుమకు వెలుతురు చొరదు. కాయ కోయుటకు చేయి చొరదు. కావున తోటమాలి ఒక్క కాండమును నిలిపి, తక్కిన పిలకలను తీసివేయును. మొక్క నడుమెత్తు పెరిగినప్పుడు తల త్రుంచును. అంతట ప్రక్క మొగ్గలు మేల్కొనును. వానిలో వేర్వేరు దిక్కులకు పోవు మూడు నాలుగింటిని ఏరి యుంచవలెను. చెట్టు బ్రతికినంతకాలము అవియే దాని భుజములు.

ముఖ్యమైన పంట ఆ యేడు పుట్టిన లేతరెమ్మల మీద, ఆకు మొదట వచ్చును. కత్తిరింపు లేనిచో క్రొత్తరెమ్మలు తగ్గును. వానితో కాయలును తగ్గును. 2016లో భౌగోళిక గుర్తింపు పొందిన పురందర అంజూరము పండు పుణె ప్రాంతమున, వానలు తగ్గిన పిమ్మట కత్తిరించి, వేసవిలో తీయని పండ్లు కోయుదురు. నిద్రించు మొగ్గకు పైన బెరడును ఏటవాలుగా చిన్న చెక్క తీయు పద్ధతియు పశ్చిమ భారతమున కలదు. కొమ్మకొన నుండి వచ్చు అదుపు అచట తెగుటచే మొగ్గ చిగురించును. జపాను రైతులలో కొందరు రెండు కొమ్మలను ఇరుప్రక్కల నేలకు సమాంతరముగా వంచి కట్టుదురు. వానిపై నిలువుగా లేచు రెమ్మలకు కాయలు కాచును. ఏటేట చలికాలమున ఆ రెమ్మలను ఒకటి రెండు కణుపుల వరకు కోయుదురు. మొక్కై వంగనిది మానై వంగునా అను మన సామెత అచటను నిజమే.

ఇంత తెలిసియు నేనొక తప్పు చేసితిని. ఆరేండ్ల క్రిందట, ఎండలు ముదురుచుండగా, ఎవరిని అడుగక, కత్తి పట్టి ఆ చెట్టు కొమ్మలన్నియు నరికితిని. పాలు చేతులకంటి, ఎండ తగిలి బొబ్బలెక్కినవి. అది నాకు తగిన శాస్తి. నీడ లేక పడమటి వైపు బెరడు ఎండకు పగిలినది. మొదట పిలకలు గుంపుగా లేచినవి. ఆ యేడు ఒక్క పండు లేదు. మన తోటమాలి పెద్దాయన వచ్చి చూచి, "అయ్యవారూ, కోసేముందు చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి చూడొద్దా?" అనినాడు. ఆయనయే కాండమునకు సున్నము పూసి, మూడు చివుళ్లను ఏరి నిలిపినాడు. ఈనాడు మీరు చూచు చెట్టు ఆయన చలువ.

ఆ యేడే ఒక తండ్రి వచ్చి, రెండవ తరగతి చదువుచున్న తన కుమార్తెకు బదిలీ పత్రము అడిగినాడు. "తెలుగుతో మా పాపకేమి లాభం సార్?" అనినాడు. నాకు అభిమానము పొడుచుకొని వచ్చినది. ఒక్క మాట పలుకక సంతకము చేసితిని.

మొన్న ఆ బాలిక బడికి వచ్చినది. ఇప్పుడు ఎనిమిదవ తరగతి. చేతిలో పాత నోటుపుస్తకము. "సార్, మా అవ్వ పోయింది. పెట్టెలో ఇది దొరికింది. చదివి వినిపిస్తారా?" అని అడిగినది. పాలలెక్కలు, అరిసెల కొలతలు, పండుగ ఖర్చులు వరుసగా చదివితిని. ఒకచోట ఆ బిడ్డ పేరు వచ్చినది. ఆ అక్షరములను మాత్రము తానే గుర్తుపట్టి వ్రేలితో తాకినది. తక్కిన పుస్తకమంతయు ఆమెకు గీతలే.

నేను ఆ తండ్రిని నిందింపను. చుట్టు తిరిగి చూడకుండ కోసినవారము ఇద్దరము.

1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరిన నాటినుండి మనము ఇచట భాషా అల్పసంఖ్యాకులము. కన్నడము ఈ నేల భాష. మన బిడ్డలు దానిని చక్కగా నేర్వవలెను. ఇంగ్లీషును నేర్వవలెను. అవి వేర్వేరు దిక్కులకు పోవు కొమ్మలు; ఒకదానికొకటి అడ్డు కావు. కాండము మాత్రము తల్లిభాష. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతి కల్పించవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350ఎ అధికరణము చెప్పుచున్నది. అయితే కత్తెర ఉన్నది ప్రభుత్వము చేతిలో కాదు, మన చేతిలో.

నా విన్నపము రెండే మాటలు. బదిలీ పత్రము అడుగుటకు ముందు ఒక సాయంకాలము ఆ చెట్టు క్రిందికి రండు, కూర్చుండి మాటలాడుదము. ఈసారి నేను మౌనముగా సంతకము చేయను. అప్పటికిని తీసుకొని పోవలెననిన పొండు, తప్పు లేదు. కాని ఇంటిలో రోజుకు అరగంట తెలుగు చదివింపుడు, వ్రాయింపుడు. ఆ బాలిక ఇప్పుడు ప్రతి శనివారము వచ్చి గుణింతములు దిద్దుచున్నది. కోసిన చోటనే చిగురు వేయు గుణము అంజూరమునకు కలదు.

సెలవు.