పైన వెలుగు, కింద ఎరువు



సముద్రాన్ని ఓడ ఎక్కి చదవాలని మా తరానికి నేర్పిన గురువుగారి స్మారక సభ ఇది. ఆయన్ను జీవితాంతం వదలని ప్రశ్న గురించే మాట్లాడతాను. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ వచ్చి కలిసే బంగాళాఖాతంలో, నీటిలో తేలే చిన్న జీవులైన ప్లవకాలు అరేబియా సముద్రంలో కంటే ఎందుకు తక్కువ?

నదులు ఎరువు తెస్తాయి కదా, పంట ఎక్కువే ఉండాలి కదా అనిపిస్తుంది. అయితే సముద్రంలో వెలుగు పైన ఉంటుంది, ఎరువు కింద ఉంటుంది. సూర్యకాంతి అందే పై పొరలో వృక్ష ప్లవకాలు పెరుగుతాయి. చచ్చినవి కిందికి జారి కుళ్లి, నైట్రేటు, ఫాస్ఫేటు, సిలికేటు చీకటిలోనే విడుదలవుతాయి. ఆ అడుగు నీటిని ఏదో ఒకటి పైకి తేవాలి.

మన తీరంలో ఆ పని చేసేది గాలి అని విశాఖలోని వాల్తేరులోనే గమనించారు. 1952లో అమెరికా నుంచి సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. నౌకాదళం ఓడలు ఇచ్చింది. మన విద్యార్థులు వాటి మీద నుంచి సీసాలు దించి, ఒక్కో లోతులో నీళ్లు పట్టి వేడినీ ఉప్పునూ కొలిచారు. నైరుతి గాలి తీరం వెంబడి వీచినప్పుడు, భూభ్రమణం వల్ల పై నీరు గాలికి కుడివైపుకు, అంటే తీరం విడిచి సముద్రం లోపలికి జరుగుతుంది. ఆ చోటికి కింది చల్లని నీరు ఎక్కి వస్తుంది. అదే కాలంలో అదే విశ్వవిద్యాలయంలోని పి.ఎన్. గణపతిగారూ ఆయన శిష్యులూ లాసన్స్ బే దగ్గర ప్లవకాలను రుతువుల వారీగా లెక్కించారు. ఇంత తక్కువ సాధనాలతో చేసిన ఆ పని నాకు ఈనాటికీ గొప్పగానే కనిపిస్తుంది.

ఆ దశాబ్దంలోనే డెన్మార్క్ శాస్త్రవేత్త స్టీమన్ నీల్సన్ రేడియో కార్బన్‌తో ప్లవకాల పెరుగుదలను కొలిచే పద్ధతి ఇచ్చారు. తర్వాత అంతర్జాతీయ హిందూ మహాసముద్ర యాత్ర జరిగింది. దాని ఫలంగా, గోవా కేంద్రంగా ఉన్న జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ 1966లో వెలిసింది. 1976లో గవేషణి, 1983లో సాగర్ కన్య అనే పరిశోధన ఓడలు మన చేతికి వచ్చాయి.

మొదట వేసిన ప్రశ్నకు అసలు జవాబు 2001 వేసవి రుతుపవనాల్లో సాగర్ కన్య మీద దొరికింది. ఆ సంస్థకు చెందిన ఎస్. ప్రసన్నకుమార్ బృందం బంగాళాఖాతంలో 88 డిగ్రీల తూర్పు రేఖాంశం వెంట ఉత్తరానికి కొలుచుకుంటూ వెళ్లింది. నదీజలం, వాన నీరు తేలికగా పైన పరుచుకున్నాయి. బరువైన ఉప్పునీరు కింద ఉండిపోయింది. ఆ తేడాను కలిపేసే బలం అక్కడి గాలికి చాలలేదు. అరేబియా సముద్రంలో అదే నెలల్లో గాలి నీటిని లోతుగా చిలుకుతుంది. నదులు తెచ్చిన పోషకాల్లో చాలా భాగం తీరం దగ్గరే ఖర్చవుతుంది. లోపలి సముద్రానికి మిగిలేది ఆ తేలిక నీటి పొరే. నన్నడిగితే, నది మేలు చేస్తూనే అడ్డుపడుతుందన్న ఈ సంగతి మన సముద్ర విజ్ఞానంలో అన్నిటికన్నా ముఖ్యమైనది.

ఆ పొర ఎప్పుడూ చెదరదని కాదు. 1999 అక్టోబరు ఒడిశా మహాతుఫాను తర్వాత చెన్నై ఎదుటి నీటిలో ఉత్పాదకత పెరిగింది. అపసవ్యంగా తిరిగే చల్లని సుడులు కూడా కింది నైట్రేటును పైకి నెడతాయి. అయితే అప్పుడు ప్లవకాలు చాలాసార్లు పదుల మీటర్ల లోతులో దట్టంగా పెరుగుతాయి. ఉపగ్రహం చూడగలిగేది పై నీటి రంగునే. లోతు సంగతి తెలియాలంటే ఓడ వెళ్లాలి, సీసా దిగాలి.

సముద్రం వేడెక్కుతోంది. పై పొర ఇంకా తేలికైతే కింది పోషకాలు రావడం ఇంకా కష్టమవుతుంది. అందుకని విశ్వవిద్యాలయ పెద్దలకు నా విన్నపం: విశాఖ ఎదుట ఒకే చోట, అవే లోతుల్లో, ప్రతి నెలా కొలిచే పనికి డబ్బూ ఓడా కేటాయించండి. విద్యార్థులారా, మీ పేర్లు ఆ పనికి ఇవ్వండి.