నవగ్రహ యంత్రం: గీసే చేతికే ఫలం



ఎవరి పేరున ఏటా ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆ సిద్ధాంతిగారు పంచాంగం గుణించినంత శ్రద్ధగా యంత్రం రాసేవారు. ఏలినాటి శని అని, కుజదోషం అని బెంగపడుతూ వచ్చినవారికి మాత్రం తాము రాసి ఇచ్చేవారు కారు. ఎదురుగా పీట వేసి కూర్చోబెట్టి వారి చేతనే రాయించేవారు. గ్రహశాంతికి యంత్రం ఒక ఉపాయమైతే, ఆ ఉపాయం గీయడంలో ఉంది గాని కొనడంలో లేదు. ఈవేళ నేను చెప్పదలచింది ఇదే.

ముందుగా సూర్యయంత్రం చూద్దాం. తొమ్మిది గళ్ళు. పై వరుసలో 6, 1, 8. నడిమి వరుసలో 7, 5, 3. అడుగు వరుసలో 2, 9, 4. అడ్డంగా కూడినా, నిలువుగా కూడినా, ఐమూలగా కూడినా 15 వస్తుంది. ప్రతి గడికీ ఒకటి కలిపితే అదే చంద్రయంత్రం, మొత్తం 18. మరొకటి కలిపితే కుజయంత్రం, 21. బుధుడికి 24, గురువుకు 27, శుక్రుడికి 30, శనికి 33. ఆదివారం నుంచి శనివారం దాకా వారాలు నడిచే వరుస ఇదే. ఆ తరవాత ఛాయాగ్రహాలు రెండూ: రాహువుకు 36, కేతువుకు 39. నడిమి గడిలోని అంకె ఎప్పుడూ మొత్తంలో మూడో వంతు. సూర్యుడికి 5, శనికి 11, కేతువుకు 13. తొమ్మిది యంత్రాలకూ మూలం ఒక్కటే అమరిక. ఈ మాట తెలిసిన వాడికి శని యంత్రాన్ని చూసినా భయం వేయదు.

ఈ గణితం మనకు కొత్తది కాదు. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలోని గంధయుక్తి అధ్యాయంలో పదహారు సుగంధద్రవ్యాలను పదహారు గళ్ళలో అమర్చాడు. ఏ ద్రవ్యం ఎన్ని పాళ్ళు కలపాలో గడిలోని అంకె చెబుతుంది. ఏ వరుస కూడినా 18. అంతటి జ్యోతిష్కుడు అంకెల చదరాన్ని పరిమళాలు కూర్చడానికి వాడాడు. 1356లో నారాయణ పండితుడు గణితకౌముది చివరి అధ్యాయమంతా ఇలాంటి చదరాలకే కేటాయించి, వాటికి భద్రగణితమని పేరు పెట్టి, ఎన్ని గళ్ళ చదరాన్నయినా కట్టే పద్ధతులు వివరించాడు. యంత్రం వెనక ఉన్నది ఇంత చదువు.

ఇక శాంతి సంగతి. యాజ్ఞవల్క్యస్మృతి గ్రహాల ప్రతిమలకు ద్రవ్యాలు చెప్పింది: సూర్యుడికి రాగి, చంద్రుడికి స్ఫటికం, కుజుడికి రక్తచందనం, బుధ గురులకు బంగారం, శుక్రుడికి వెండి, శనికి ఇనుము, రాహువుకు సీసం, కేతువుకు కంచు. అంతటితో ఆగలేదు. ప్రతిమలు చేయించలేనివాడు ఆయా రంగులతో గుడ్డమీద రాయవచ్చునంది, గంధంతో మండలాలు గీసుకోవచ్చునంది. బంగారం లేనివాడికి కూడా గ్రహశాంతి దక్కాలన్నది శాస్త్రం ఉద్దేశం.

మన ఇళ్ళలో జరిగే నవగ్రహ పూజలో ఆ మండలాలు ఇప్పటికీ ఉన్నాయి. నడుమ సూర్యుడికి వృత్తం, ఆగ్నేయాన చంద్రుడికి చతురస్రం, దక్షిణాన కుజుడికి త్రికోణం, పడమట శనికి విల్లు ఆకారం. వాటిమీద గోధుమలు, బియ్యం, కందులు, నల్లనువ్వులు పోస్తాం. పూజ ముగిశాక ఆ ధాన్యం దానమవుతుంది. గ్రహం పేరు చెప్పుకుని మనం గీసింది చివరకు ఒకరి ఇంట అన్నమవుతుంది.

యంత్రలేఖనానికీ ఒక నియమం ఉంది. ఆ గ్రహం వారం నాడు స్నానం చేసి, భూర్జపత్రం మీద అష్టగంధంతో, దానిమ్మ పుల్లతో రాయాలి. సిద్ధాంతిగారు మరొక నియమం పెట్టేవారు: అంకెలు గళ్ళ వరుసలో రాయకూడదు, చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు పోవాలి. సూర్యయంత్రంలో 1 పై వరుస నడుమ పడుతుంది. 2 రాయడానికి చేయి కింద ఎడమ మూలకు దిగాలి. 3 కోసం కుడిపక్క నడిమి గడికి పోవాలి. సంకురాత్రి ముగ్గు వేసే చేతిలాగే ఇక్కడా పరధ్యానం పనికిరాదు. అప్పుల బాధతోనో, కూతురి పెళ్ళి దిగులుతోనో వచ్చిన మనిషి ఆ కాసేపు ఆ తొమ్మిది గళ్ళలోనే ఉంటాడు. లేచేసరికి అప్పు తీరిపోదు. కానీ దాన్ని తీర్చే దారి ఆలోచించే నిబ్బరం వస్తుంది. యంత్రం చేసే మేలు ఇదని నేను మనసారా నమ్ముతాను.

ఈ శ్రమంతా తీసేసి, అచ్చు పోసిన రేకును వేలకు వేలు పోసి కొనిపించడం వ్యాపారం. జబ్బులు నయం చేస్తామంటూ ప్రకటించడం అంతకన్నా పెద్ద తప్పు. 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం తాయెత్తును, మంత్రాన్ని, కవచాన్ని పేరు పెట్టి చెప్పి, రోగం కుదుర్చుతామనే అలాంటి ప్రకటనలను నిషేధించింది. 2021 జనవరిలో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం అద్భుతశక్తులున్నాయంటూ టీవీల్లో యంత్రాలు అమ్మే ప్రకటనలు చట్టవిరుద్ధమని తీర్పు చెప్పింది. ఆస్తికుడిగా నేను ఈ కట్టడిని స్వాగతిస్తాను. జ్వరానికి వైద్యుడున్నాడు, తగాదాకు న్యాయస్థానముంది. వాటి పని యంత్రానికి అప్పగించడం శాస్త్రానికే అపచారం.

పురోహితులకు, జ్యోతిష్కులకు నాది ఒకటే విన్నపం. మీ దగ్గరకు వచ్చినవారికి యంత్రం అమ్మకండి, రాయడం నేర్పండి. కూడిక నేర్చిన పిల్లలకు ఈ తొమ్మిది చదరాలూ చూపించండి. గ్రహాల పేరిట జరిగే దానం ఆకలిగొన్నవారి చేతికే అందేలా చూడండి. సిద్ధాంతిగారి పేరు నిలబెట్టడానికి ఇంతకన్నా తగిన పని లేదు.