భూమిని విడవని మనిషి: జాటోత్ ఠానూ నాయక్



ఈ పూట ఒక రైతును తలుచుకుందాం. ఆయన పేరు జాటోత్ ఠానూ నాయక్. ఊరు ధర్మాపురం, ఇప్పటి జనగామ జిల్లాలో ఉంది. ఎక్కడి జనగామ, ఎక్కడి లింగాల అనుకుంటారేమో. అక్కడ మనవాళ్లను లంబాడీలంటారు, ఇక్కడ సుగాలీలంటారు. మాట్లాడే భాష ఒకటే, మొక్కే సేవాలాల్ ఒక్కరే. ఆయన కథ మన కథే.

మన పూర్వీకులు మొదటినుంచీ రైతులు కారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగినవాళ్లు. బ్రిటిష్ కాలంలో రైళ్లు, రోడ్లు వచ్చి ఆ బేరం పడిపోయింది. అప్పుడు గుట్టల కింద తండాలు వేసుకుని, రాళ్లేరి, కంప కొట్టి చేలు చేసుకున్నారు. తిరిగే జాతికి నిలవడానికి దొరికిన మొదటి చోటు ఆ చేనే. అందుకే భూమి పోతే మనకు పోయేది ఒక్క పంట కాదు, నిలవనీడ.

ఠానూ నాయక్ కాలంలో ఆ ప్రాంతమంతా విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి చేతి కింద ఉండేది. 60 ఊళ్లు, 40,000 ఎకరాలు ఆయనవని చరిత్రకారులు రాశారు. వెట్టి చేయని కులం లేదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట మీద కన్నేసింది ఈ దొరే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం తీసింది ఈ దొర మనుషులే. ధర్మాపురం లంబాడీల భూముల మీద కూడా ఆ కన్ను పడింది.

ఠానూ నాయక్ తలవంచలేదు. ఆంధ్ర మహాసభ సంఘంలో చేరి తండాను కూడగట్టారు. అన్నదమ్ములు ఆయన వెంట నిలిచారు. ఒక్క ఇంటి చేను ఒక్కరే కాపాడుకోలేరు, తండా అంతా నిలబడితేనే ప్రతి ఇంటి చేనూ నిలుస్తుంది. ఆయన బతుకులో మాకు కనిపించే పాఠం ఇదే. ఇల్లు వేరు, జాతి వేరు అని ఆయన లెక్క వేసుకోలేదు. 1950లో ఆ పోరాటంలోనే ప్రాణం ఇచ్చారు. పుస్తకాలు ఆయన్ను వీరుడంటాయి, నిజమే. మేమైతే ముందు రైతు అంటాం. ఆయన పట్టుబట్టింది తన వాళ్లు దున్నిన నేల కోసం.

ఇప్పుడు మన లింగాలకు వద్దాం. ఇక్కడ దొర లేడు. కరువుంది, అప్పుంది. పార్నపల్లె దగ్గర చిత్రావతి రిజర్వాయర్ ఉన్నా నీళ్లు అన్ని చేలకూ ఒకేలా అందవు. పక్కన చీనీ తోటలు, అరటి తోటలు కనిపిస్తుంటే మన మెట్ట చేను చూసి మీకు చిన్నచూపు కలగొచ్చు. బోరు ఎండితే అమ్మేద్దామా అనిపిస్తుంది కూడా.

పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా భూమిని అమ్మకూడదని 1977లో చట్టం వచ్చింది. అమ్మినా ఆ అమ్మకం చెల్లేది కాదు. 2023లో ఆ చట్టాన్ని సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన భూములకు పూర్తి హక్కు ఇచ్చే వీలు కల్పించారు. హక్కు రావడం మంచిదే. కానీ హక్కుతోపాటు గడప దగ్గరకు బేరగాడు కూడా వస్తాడు. పెళ్లికో, ఆస్పత్రికో డబ్బు కావాల్సిన రోజు చూసుకుని మరీ వస్తాడు. ఠానూ నాయక్ కాలంలో భూమిని లాక్కోవడానికి గూండాలు కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఒక్క సంతకం చాలు.

పిల్లలారా, మీరు చదువుకున్నవాళ్లు. మీ తాతలకు రాని అక్షరం మీకు వచ్చింది. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మూడు పనులు చేయండి. పట్టాదారు పాసుపుస్తకం అడిగి తీసి చదవండి. సర్వే నంబరు, విస్తీర్ణం నోట్‌బుక్‌లో రాసుకుని, మీభూమిలో అడంగల్, 1-బి తో సరిపోల్చండి. ఆ చేనులో మొదట రాళ్లేరింది ఎవరో నాన్నమ్మనో తాతనో అడిగి, ఆ పేరు కూడా రాయండి. చదువు రాని పక్కింటి పెద్దలకు కూడా ఇదే పని చేసిపెట్టండి. ఏ కాగితమైనా చదివి వినిపించాకే వేలిముద్ర వేయమని చెప్పండి.

మీరు ఉద్యోగాలు చేయాలి, పట్నాలకు పోవాలి. మేము చదివించేది అందుకే. అందరూ నాగలి పట్టమని ఈ సభలో ఎవరూ అనరు. చేను సాగు చేయాలో, కౌలుకివ్వాలో ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోండి. అమ్మాలన్న మాట వస్తే మాత్రం ఆ మాట తండా పెద్దల ముందు పెట్టండి. ఒంటరిగా ఉన్నవాడి దగ్గరే భూమి చవగ్గా దొరుకుతుందని బేరగాడికి బాగా తెలుసు.

రైతును తలుచుకోవడమంటే పటానికి దండ వేయడంతో అయిపోదు. ఆయన దేనికోసం నిలబడ్డారో అది మన చేతుల్లో ఉందో లేదో చూసుకోవాలి.

జై సేవాలాల్.