వెనక ఇరుసు పళ్ల లెక్క
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి యుద్ధం కబుర్లు కాకుండా మీ చేతిపని గురించి చెప్పండి సాబ్ అని కార్యదర్శిగారు అడిగారు. నా చేతిపని బండ్లు. ఇ.ఎం.ఇ.లో వెహికిల్ మెకానిక్‌గా చేరి ఇరవై ఎనిమిదేళ్లు స్పానర్ వదల్లేదు. అందుకని వెనక ఇరుసులో ఉండే క్రౌన్ వీల్, పీనియన్ గురించి నాలుగు మాటలు చెబుతాను. విషయం చిన్నదిగా కనిపిస్తుంది. కానీ మన పిల్లల డబ్బూ, ఒక్కోసారి ప్రాణమూ దీంతో ముడిపడి ఉంటాయి.

ఎం.టి. సోదరులకి తెలిసిందే అయినా, మిగతావారి కోసం మొదటినుంచీ చెబుతాను. ప్రొపెల్లర్ షాఫ్ట్ కొసన చిన్న పీనియన్, దానితో కలిసి తిరిగే పెద్ద క్రౌన్ వీల్ ఉంటాయి. క్రౌన్ వీల్ పళ్లని పీనియన్ పళ్లతో భాగిస్తే వచ్చేదే రేషియో. 41 పళ్లకి 10 అయితే 4.10. అంటే షాఫ్ట్ నాలుగు చుట్లకి పైన తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. ఈ అంకె పెరిగితే చక్రానికి లాగే బలం పెరుగుతుంది, అదే వేగానికి ఇంజన్ ఎక్కువ తిరగాలి. అంకె తగ్గితే పరుగు సాఫీ, లాగుడు తక్కువ. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో తీసుకోవడమే.

రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపులో ఇది 4.88. క్రౌన్ వీల్‌కి 39 పళ్లు, పీనియన్‌కి 8. చిన్న ఇంజన్‌తో బురదలో, కొండ మీద ట్రైలర్ లాగాలి కాబట్టి అంత పెట్టారు. గంటకి 65 మైళ్లు దాటించవద్దని డాష్‌బోర్డు రేకు మీదే రాసేవారు. విచిత్రమేమిటంటే, అమెరికాలో డ్రాగ్ పందెం కార్లలోనూ ఇదే 4.88 కనిపిస్తుంది. బరువులాగే కంచరగాడిదకీ, పందెం గుర్రానికీ ఒకటే అంకె! కాబట్టి అంకెలో మంచీ చెడ్డా లేవు. బండి డ్యూటీ ఏమిటన్నదే ప్రశ్న.

డ్రాగ్ పందెం అంటే నిలబడ్డ చోటునుంచి తిన్నగా పావు మైలు, అంటే 402 మీటర్లు, ఎవరు ముందు దాటితే వారిది గెలుపు. దీనికీ మన వృత్తికీ చుట్టరికం ఉంది. యుద్ధంనుంచి తిరిగొచ్చిన కుర్రాళ్లకి బండి పని తెలుసు, దేశంనిండా విమానాల పట్టీలు ఉన్నాయి. 1950లో కాలిఫోర్నియాలో శాంటా ఆనా విమానాశ్రయం పట్టీ మీద పందేలు మొదలయ్యాయి. 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ స్థాపించారు. 1955లో ఆ సంస్థ మొదటి జాతీయ పోటీ కాన్సస్ రాష్ట్రంలోని గ్రేట్ బెండ్‌లో జరిగింది. అది యుద్ధకాలంలో బి-29 బాంబర్ల శిక్షణ జరిగిన స్థావరం. వీధుల్లో పందేలు వేసి చస్తున్న కుర్రాళ్లని ఒక నియమంలోకి, ఒక పట్టీ మీదకి తేవడమే ఆ సంస్థ మొదటి ఉద్దేశం. మన దగ్గర కూడా మద్రాసు పక్కన షోలవరంలో యుద్ధకాలపు పట్టీ మీదే ఏళ్ల తరబడి కారు పందేలు జరిగాయి.

ఇక అసలు లెక్కకి వస్తాను. మా పెద్దబ్బాయి మిషిగన్‌లో ఉంటాడు. వాడి దగ్గర 1989 నాటి ఫోర్డ్ మస్టాంగ్ ఉంది. ఎండాకాలంలో అదే కారులో ఆఫీసుకి రానూపోనూ 90 కిలోమీటర్లు వెళతాడు, నెలకి రెండుసార్లు డ్రాగ్ పట్టీకి తీసుకెళతాడు. ఇంజన్‌కి హెడ్లు, కామ్ మార్పించాడు, గరిష్ఠ శక్తి 5500 చుట్ల దగ్గర వస్తోంది. వెనక మాత్రం పాత 3.08 ఉంది. నేను అక్కడికి వెళ్లినప్పుడు 4.56 వేయిద్దామని పట్టుబట్టి ఉన్నాడు.

"నాన్నా, స్నేహితులందరూ అదే వేశారు, లైటు పడగానే ఎగురుతుంది" అన్నాడు.

"ఒరేయ్, వాళ్ల బండ్లు ట్రైలర్ మీద పందేనికి వస్తాయి. నీ బండి నిన్ను ఎక్కించుకుని ఆఫీసుకి పోతుంది. ముందు కాగితం తే" అన్నాను.

కాగితం మీద నాలుగు సంగతులు రాయించాను. ఒకటి, టైరు ఒక్క చుట్టుకి ఎంత దూరం పోతుంది: 2.05 మీటర్లు. రెండు, గరిష్ఠ శక్తి ఎక్కడ: 5500. మూడు, పట్టీ చివర వేగమెంత: వాడి స్లిప్పు మీద గంటకి 174 కిలోమీటర్లు. నాలుగు, రోజూ రోడ్డు మీద వేగం: 112.

పందేనికి లెక్క గీత దగ్గరనుంచి వెనక్కి వేయాలి. గీత దాటేటప్పుడు ఇంజన్ గరిష్ఠ శక్తిని కొద్దిగా దాటి తిరుగుతూ ఉంటే బలమంతా వాడుకున్నట్టు. 174 వేగంలో చక్రం నిమిషానికి 1415 చుట్లు తిరుగుతుంది. నాలుగో గేరు నేరు గేరు కాబట్టి దాన్ని ఇరుసు రేషియోతో హెచ్చిస్తే చాలు. 3.08కి సుమారు 4360. ఇంజన్‌లో ఇంకా బలం మిగిలుండగానే గీత వచ్చేస్తోంది. 3.73కి 5280. 4.10కి 5800. 4.56కి 6450, ఆ ఇంజన్ పరిమితి దాటిపోతుంది. గీత ముందు ఐదో గేరు వేయాల్సి వస్తుంది, వేస్తే చుట్లు ఒక్కసారిగా పడిపోతాయి. కాబట్టి ఒట్టి పందేనికే అయితే 4.10 సరైనది. స్నేహితుల 4.56 పందేనికి కూడా పనికిరాదని అక్కడే తేలిపోయింది.

ఇప్పుడు రోజూ రోడ్డు. ఐదో గేరు 0.68. 112 వేగంలో 3.08కి సుమారు 1900 చుట్లు, 3.73కి 2300, 4.10కి 2540, 4.56కి 2820. ఓవర్‌డ్రైవ్ గేరు లేని పాత నాలుగు గేర్ల పెట్టె అయితే 4.10కి ఇదే 3730 అవుతుంది. రెండు గంటలు తోలితే చెవులు దిబ్బళ్లు పడతాయి, పెట్రోలు ముల్లు కళ్లముందే దిగుతుంది. ఓవర్‌డ్రైవ్ ఉంటే ఇరుసులో ఒకటి రెండు మెట్లు పైకి పోవచ్చన్నది అందుకే.

మొదటి గేరునీ మరిచిపోకూడదు. వాడి పెట్టెలో అది 3.35. ఇరుసు 3.08 అయితే రెండూ కలిసి 10.3. రోడ్డు కారుకి పది దగ్గర ఉంటే హాయి. 3.73కి 12.5, 4.56కి 15.3. అంత లాగుడు మామూలు రోడ్డు టైరు పట్టలేదు. చక్రం తిరుగుతుంది, పొగ లేస్తుంది, బండి కదలదు. పైగా 4.56తో మొదటి గేరు 44 కిలోమీటర్ల వేగానికే అయిపోతుంది. టైరు ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. 26 అంగుళాల టైరు తీసి 28 అంగుళాలది వేస్తే 4.10 కాస్తా 3.81లా నడుస్తుంది. కాబట్టి టైరు తేల్చుకున్నాకే పళ్లు తేల్చాలి.

చివరికి వాడు 3.73 వేయించాడు. పట్టీ మీద పూర్తి బలం రాదు, రోడ్డు మీద పాత సుఖమూ ఉండదు. కానీ రెండు పనులూ ఒకే బండి చేయాలంటే ఆ మధ్యమెట్టే సరి.

బిగించేవాళ్లకి కొన్ని మాటలు. రేషియో పెరిగేకొద్దీ పీనియన్ పళ్లు తగ్గుతాయి. 3.08కి 12 పళ్లుంటే 4.56కి 9. పీనియన్ చిన్నదైతే దెబ్బకి ఓర్చుకోవడమూ తగ్గుతుంది. పందేనికని ప్రత్యేకంగా చేసే గేర్లు సాగే గుణమున్న మెత్తటి ఉక్కువి. దెబ్బ తట్టుకుంటాయి గానీ రోజూ రోడ్డు మీద తిప్పితే తొందరగా అరుగుతాయి. కొనేముందు ఏ రకమో అడగాలి. క్రౌన్ వీల్, పీనియన్ ఎప్పుడూ జతగానే మార్చాలి. పీనియన్ లోతు, బేరింగ్ ప్రీలోడ్, బ్యాక్‌లాష్ మూడూ కొలవాలి. చాలా కార్లకి బ్యాక్‌లాష్ 6 నుంచి 10 థౌ ఉంటుంది, అయినా జతతో వచ్చిన కాగితం మాటే ఆఖరిమాట. మార్కింగ్ బ్లూ రాసి, పంటి మధ్యలో ముద్ర పడిందో లేదో చూడకుండా మూత బిగించకండి. కొత్త జతని మొదట ఇరవై నిమిషాలు నెమ్మదిగా తిప్పి చల్లారనివ్వాలి. 800 కిలోమీటర్లకి నూనె మార్చాలి.

స్పీడోమీటరు సంగతి కూడా చూసుకోవాలి. అది గేర్ పెట్టెనుంచి నడిచే బండిలో 3.08 తీసి 3.73 వేస్తే, నిజంగా 100 పోతుంటే ముల్లు 121 చూపిస్తుంది. దాని చిన్న గేరు కూడా మార్చాలి. ప్రొపెల్లర్ షాఫ్ట్ కూడా అదే వేగానికి ఐదోవంతు ఎక్కువ తిరుగుతుంది. పాత క్రాస్ జాయింటు, బ్యాలెన్స్ తప్పిన షాఫ్ట్ అలాగే ఉంచితే అది తెగి నేలకి కొట్టుకుంటుంది. అందుకే వేగం కార్లకి షాఫ్ట్ చుట్టూ ఇనుప కట్టు ఉండాలని డ్రాగ్ నియమాలు చెబుతాయి.

ఇదంతా అమెరికా మాట, మాకెందుకు అనుకోకండి. మీ ఇంట్లో అబ్బాయి మోటార్‌సైకిల్‌కి వెనక స్ప్రాకెట్ మార్పిస్తున్నాడంటే అదీ ఇదే లెక్క. వెనక పళ్లు పెంచితే పికప్ వస్తుంది, టాప్ స్పీడు తగ్గుతుంది. వాణ్ణి తిట్టకండి, కాగితం ఇచ్చి లెక్క వేయించండి. లెక్క వేసేవాడికి బండి హద్దు తెలుస్తుంది. ఆ తర్వాత ఒక్కటే కట్టడి పెట్టండి: పందెం పట్టీ మీదే, వీధిలో కాదు. పబ్లిక్ రోడ్డు మీద అనుమతి లేని పందెం 1988 మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. మద్రాసు ట్రాకు మీద మోటార్‌సైకిళ్లకి జాతీయ డ్రాగ్ పోటీలు జరిగాయి. సరదా ఉన్నవాణ్ణి అలాంటి చోటికి హెల్మెట్ పెట్టి పంపండి, వీలైతే మీరూ వెంట వెళ్లండి.

ముందు డ్యూటీ తేల్చుకోవాలి, తర్వాత టైరు, ఆ తర్వాతే పళ్లు. ఈ వరస తప్పకపోతే డబ్బు దండగ కాదు, పిల్లాడు క్షేమంగా ఇంటికొస్తాడు.

 జై హింద్.