కాగితములు కాల్చిన శాస్త్రజ్ఞుడు



ఈ రజతోత్సవ సభలో భారతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను గురుముఖమున చదివినవాడను గాను. పగలు ఊరి లెక్కలు వ్రాయుచు, రాత్రులందు ఈ బీరువాలలోని పుస్తకములతో తంటాలుపడి నేర్చినవాడను. భారతమునకు వచ్చుటకు ముందు ఒక సినిమా కథ చెప్పెదను, మన్నింపుడు.

1979లో, నా తొమ్మిదవ యేట, మా మేనమామ నన్ను పట్టణమునకు తీసికొనిపోయి ‘గాడ్జిల్లా’ అను చిత్రమును చూపెను. సముద్రమునుండి కొండంత జంతువు లేచి, టోక్యో నగరమును త్రొక్కి, నోటిమంటతో దహించును. దాని అరపు విని నేను కుర్చీ క్రింద దూరితిని. మూడు నెలలు చెరువుగట్టుపై ఒంటరిగా నడవలేదు. ఆ జంతువు బరువైన తొడుగు ధరించిన మనుష్యుడనియు, ఆ కూత తోలు చేతితొడుగుతో పెద్ద తంత్రీవాద్యమును రాపాడించి పుట్టించినదనియు పెద్దయైన పిమ్మట తెలిసినది. తెలిసినను భయము పోలేదు; చోటు మారినదంతే.

ఏలయన, ఆ జంతువు ఊరక పుట్టినది కాదు. 1954 మార్చి 1న అమెరికావారు బికినీ దీవులలో హైడ్రోజన్ బాంబును పరీక్షింపగా, ఆ బూడిద జపానువారి చేపల పడవ యొకదానిపై కురిసెను. అందలి 23 మందియు వ్యాధిగ్రస్తులైరి. సెప్టెంబరులో ఒకరు మరణించిరి. ఆ నవంబరులోనే ఇషిరో హోండా దర్శకత్వమున ఈ చిత్రము వెలువడెను. నేను చిన్ననాడు చూచినది 1956లో అమెరికావారు కత్తిరించి, తమ విలేఖరి నొకని చొప్పించిన ప్రతి. మూలచిత్రమున రైలులో ఒక యువతి, నాగసాకినుండి బ్రతికి బయటపడితిని గదా యని వాపోవును. ఆ మాటను వారు తీసివేసిరి. లెక్కల పుస్తకములో పుట చింపిన గుమాస్తాను మనము క్షమింతుమా?

అసలు విషయమునకు వచ్చెదను. సెరిజావా అను శాస్త్రజ్ఞుడు నీటిలోని ప్రాణవాయువును నశింపజేయు పదార్థమును కనుగొనును. తొట్టిలోని చేపలు క్షణములో అస్థిపంజరములగును. జంతువును చంపగలది అదొక్కటియే. కాని ఒకసారి వాడినచో ప్రభుత్వములు దానిని ఆయుధముగా చేసికొనునని ఆయన అంగీకరింపడు. బాలికలు శాంతికై పాడిన పాట విని, తుదకు సమ్మతించి, తన పరిశోధన పత్రములన్నియు నిప్పులో వేయును. తలలో నున్న విద్యను కాల్చుటెట్లు? అందుచే సముద్రములో దిగి, తన గాలిగొట్టమును తానే కోసికొని, జంతువుతో పాటు నశించును.

ముప్పది యేండ్లుగా నేను చీటీముక్కయైనను పారవేయలేదు. కాగితము కాల్చుట మా వృత్తిలో మహాపాతకము. గ్రంథాలయములో ఆ మాట పలుకుటయే అపరాధము. అయినను ఆయన చేసినది తప్పని చెప్పలేకున్నాను. తిక్కనగారి సౌప్తికపర్వమున అర్జునుడు తన అస్త్రమును ఉపసంహరించెను. అశ్వత్థామకు ఆ శక్తి లేక, అది ఉత్తర గర్భముపై పడెను. తనకు మరలించు విద్య లేదని అశ్వత్థామ ప్రయోగించిన పిమ్మట ఒప్పుకొనెను. సెరిజావా ముందే ఒప్పుకొనెను. నాకు కనబడు భేద మింతే, కాని చిన్నది కాదు.

గతమాసము ఈ గదిలోని కంప్యూటరుపై మూలచిత్రమును మా మనుమనితో కూడ చూచితిని. వాడు జంతువునకు జడియలేదు. కాగితములు కాలునప్పుడు మాత్రము నా చేయి పట్టుకొని, “తాతయ్యా, ఒక్క కాపీ అయినా దాచుకోలేదా?” అని అడిగెను. నేనేమియు చెప్పలేక, పోవునప్పుడు సౌప్తికపర్వమును నా పేర వ్రాయించి తీసికొనిపోయితిని. అది యింకను మా యింటనే యున్నది. గడువు దాటినది, గ్రంథపాలకులు మన్నింతురు గాక.