చదివినది గ్రహించుట
(మందమర్రి సంఘకూటములో చేసిన ప్రసంగ పాఠము)



గాజా మార్గమున రథములో కూర్చుండి యెషయా గ్రంథమును చదువుచున్న ఐతియొపీయుని సంగతి మనమందరము ఎరిగినదే. అతనికి చదువు వచ్చునా అని ఫిలిప్పు అడుగలేదు. చదివినది అర్థమగుచున్నదా అని అడిగెను. సండే స్కూలు నడుపు మేము ఈ ప్రశ్నను మన పిల్లలనడుగుటకు చాలా ఏండ్లు పట్టినది.

ఒక ఆదివారమున ఒక బాలుడు తప్పిపోయిన గొఱ్ఱె ఉపమానమును ఎక్కడను తడబడకుండ చదివెను. మేము చప్పట్లు కొట్టితిమి. "కాపరి తొంబదితొమ్మిదింటిని విడిచి ఎందుకు వెళ్లెను బాబూ?" అని అడుగగా తల వంచుకొనెను. తప్పు వానిది కాదు. కంఠస్థమునకే బహుమానములిచ్చినవారము మేమే.

అజరయ్యగారు 1912లో డోర్నకల్ మొదటి బిషప్పుగా అభిషిక్తులైన దినములలో మన తెలుగు సంఘస్థులలో అనేకులకు అక్షరములు రావు. వారు వాక్యమును విని కంఠస్థము చేసికొనిరి. అది వారి భాగ్యము. నేడు మన పిల్లల చేతిలో పుస్తకమున్నది. కనుక వారి అవసరము వేరు.

గుణింతములు, ఒత్తులు వచ్చిన పిల్లవాడు తెలుగులో ఏ మాటనైనను పలుకగలడు. ఆ పలుకు విని మనము మోసపోవుదుము. అసర్ సర్వే ప్రకారము 2022లో గ్రామీణ భారతమున ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు 42.8 శాతమే. చదువుటయే ఇట్లుండగా గ్రహించుట మాట ఏమి? సపోర్టు లేని పైకప్పు క్రిందికి పోరాదని బాయిలో వ్రాసియున్న దానిని గడగడ చదివి, ఎందుకు పోరాదో ఎరుగనివానిని ఆ చదువు కాపాడునా?

1984లో పాలిన్‌సర్, బ్రౌన్ అను అమెరికా పరిశోధకులు నాలుగు పనులను వివరించిరి: ముందేమి రానున్నదో ఊహించుట, ప్రశ్న వేయుట, తెలియని మాటను తేటపరచుకొనుట, సారమును సొంతమాటలలో చెప్పుట. పిల్లలే వంతులవారీగా గురువులగుదురు. మేమును అట్లే చేసి, ఇంటి మాటలోనే చెప్పనిచ్చితిమి. కొన్ని వారములకు ఆ బాలుడే ఇట్లనెను: "షిఫ్టు దిగి నాయిన ఇంటికి రాకుంటే, అమ్మ మమ్ములనందర్ని ఇడిసిపెట్టి బాయికాడికి ఉరుకదా సార్? గట్లనే కాపరి పోయిండు." మాలో ఎవరికిని కొంతసేపు మాట రాలేదు.

తల్లులారా, తండ్రులారా! రాత్రి భోజనమైన పిమ్మట పది నిమిషములు బిడ్డచేత చదివించుడి. అక్షరము రాని తల్లియైనను "ఎందుకు బిడ్డా?" అని అడుగగలదు. ఆ ఒక్క ప్రశ్నతోనే గ్రహింపు మొదలగును. ప్రభువు మన పిల్లల మనోనేత్రములను తెరచునుగాక. ఆమేన్.