మొగల్తూరు ఇంట్లో హోమ్ థియేటర్ కంప్యూటర్: ఏ పార్టు మీద ఎంత డబ్బు పెట్టాలి?

ఈ ఎపిసోడ్ మొగల్తూరు నుంచి వచ్చిన ఒక ప్రశ్న మీద. అడిగినాయన రిటైరైన మాస్టారు. "బాబూ, పెళ్లిళ్లవీ, గృహప్రవేశాలవీ క్యాసెట్లు, సీడీలు, డీవీడీలు బీరువాలో ఒక అర నిండా ఉన్నాయి. కొన్నిటికి బూజు పట్టేసింది. అన్నీ ఒక కంప్యూటర్లోకి ఎక్కించి హాల్లో టీవీలో చూసుకోవాలి. అమెరికాలో ఉన్న మనవరాలు కూడా చూడాలి. టీవీ ఉంది. చేతిలో ముప్పై వేలున్నాయి. ఏం కొనమంటావు?" అన్నారు. వాళ్లావిడ పోయి రెండేళ్లయిందిట. ఆవిడ నవ్వుతూ, మాట్లాడుతూ కనపడేది ఇప్పుడు ఆ డిస్కుల్లోనే. అందుకని దీన్ని సరదా ప్రాజెక్టు లాగా కాకుండా కాస్త జాగ్రత్తగా చూద్దాం.

మాస్టారికి ఇప్పటికే ఎవరో ఒక కొటేషన్ రాసిచ్చారు. అందులో గ్రాఫిక్స్ కార్డు ఉంది, రంగురంగుల లైట్ల క్యాబినెట్ ఉంది, హార్డ్ డిస్కు మాత్రం ఒక్కటే. నేనైతే దాన్ని తిరగేసి రాస్తాను. గ్రాఫిక్స్ కార్డు తీసేయండి, హార్డ్ డిస్కులు రెండు చేయండి.

కార్డు ఎందుకు అక్కర్లేదంటే, వీడియో విప్పి చూపించే పని ప్రాసెసర్లోనే ఉన్న చిన్న విభాగం చేసేస్తుందండి. ఇంటెల్ వాళ్లు దాన్ని క్విక్ సింక్ అంటారు. ఇక్కడ జనరేషన్ చూసుకోవాలి. ఇవాళ్టి 4కె సినిమాలు ఎక్కువగా హెచ్‌ఈవీసీ 10 బిట్‌లో ఉంటాయి. 6వ జనరేషన్ దాన్ని పూర్తిగా హార్డ్‌వేర్‌లో విప్పలేదు. 7వ జనరేషన్ నుంచి విప్పుతుంది. సెకండ్ హ్యాండ్ బజారులో ఈ రెండూ పక్కపక్కనే, దాదాపు ఒకే రేటుకి పెట్టి అమ్ముతారు. డబ్బా మీద "ఐ5" అని ఉంటే చాలనుకోకండి, ఆ తర్వాత ఉన్న నెంబరు చూడండి. 6తో మొదలైతే వదిలేయండి.

ఇంకో సంగతి. విండోస్ 11 అధికారికంగా 8వ జనరేషన్ నుంచే నడుస్తుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. దాంతో ఆఫీసులు 7వ జనరేషన్ మిషన్లు వదిలించుకుంటున్నాయి. మనం ఎలాగూ లినక్స్ వేస్తాం కాబట్టి ఆ గొడవ మనకి లేదు. వాళ్లకి పనికిరానిది మనకి చక్కగా పనికొస్తుంది. నాలుగు డబ్బులు ఎక్కువైనా పర్లేదనుకుంటే 8వ జనరేషన్ ఐ5 తీసుకోండి, అందులో కోర్లు ఎక్కువ. కొత్తదే కావాలంటే ఇంటెల్ ఎన్100 ఉన్న మినీ పీసీ. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న ఏవీ1 కూడా అది విప్పుతుంది, పాత 7, 8 జనరేషన్లకి అది రాదు.

పాత ఆఫీసు మిషన్లలో రెండు సైజులున్నాయి. అరచేతి వెడల్పు బుల్లి మిషన్లు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి గానీ, లోపల పెద్ద 3.5 అంగుళాల హార్డ్ డిస్కు పట్టదు. సన్నటి డెస్క్‌టాప్ రకం అయితే ఒకటి పడుతుంది. మాస్టారికి నేను ఈ రెండోదే చెప్పాను. కొనేముందు వెనకవైపు చూడండి. చాలా వాటికి డిస్‌ప్లేపోర్టు మాత్రమే ఉంటుంది, హెచ్‌డిఎంఐ ఉన్నా అది పాత రకమై 4కెలో సెకనుకి 30 ఫ్రేములే ఇస్తుంది. సీరియల్ కింద స్క్రోలింగ్ అక్షరాలు అదురుతూ పోతాయి. డిస్‌ప్లేపోర్టు నుంచి హెచ్‌డిఎంఐ 2.0కి మార్చే యాక్టివ్ అడాప్టరు వేసుకుంటే 60 వస్తుంది. మామూలు చవక అడాప్టరు కాదండోయ్, "యాక్టివ్" అని అడిగి తీసుకోండి. టీవీ 4కె కాకపోతే ఈ పేరా మొత్తం మర్చిపోవచ్చు.

ర్యామ్ 8 జీబీ చాలు. లినక్స్ వేయడానికి 256 జీబీ ఎస్‌ఎస్‌డి చాలు. వీటి గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు.

అసలు కథ హార్డ్ డిస్కుది. ముందు లెక్క వేద్దాం. మామూలు డీవీడీ 4.7 జీబీ. యాభై డీవీడీలున్నా 235 జీబీ దాటదు. మినీ డీవీ క్యాసెట్టు గంటకి సుమారు 13 జీబీ, ఇరవై గంటలైతే 260. వీసీడీలు ఒక్కోటి 800 జీబీలు కాదు, 800 ఎంబీల లోపే. అంటే ఒక కుటుంబం ముప్పై ఏళ్ల జ్ఞాపకాలు ఒక టీబీలో సుఖంగా కూర్చుంటాయి. చోటు తినేసేది సినిమాలు. కృష్ణంరాజు గారి ఊరు, చిరంజీవి గారు 1955లో పుట్టిన ఊరు. సినిమాలు వద్దని ఎవరికి చెప్పగలం! కానీ సినిమా పోతే మళ్లీ ఎక్కడో దొరుకుతుంది. గృహప్రవేశం వీడియో దొరకదు. అందుకే 4 టీబీది ఒకటి కొనే బదులు 2 టీబీవి రెండు కొనమంటాను.

ఆ రెండో డిస్కుని మిషన్లో పెట్టి రైడ్ చేస్తామంటారు కొందరు. వద్దండి. రైడ్‌లో మీరు పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపేస్తే రెండిటిలోనూ చెరిగిపోతుంది. పిడుగు పడితే రెండూ ఒకేసారి పోతాయి. రెండోది యూఎస్‌బి డిస్కు తీసుకుని, నెలకోసారి కాపీ చేసి, తీసేసి, స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో మూత బిగించి పెట్టండి. ఇంకా మంచిది ఏంటంటే వేరే ఊళ్లో పెట్టడం. మాస్టారికి భీమవరంలో కూతురుంది, పండక్కి వెళ్లినప్పుడు మార్చుకుని వస్తే సరి. మనది సముద్రం పక్కన ఊరు. 1996 నవంబరు తుఫాను వశిష్ఠ అవతల కోనసీమని ఏం చేసిందో చూసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. ఒకే ఇంట్లో ఉన్న రెండు కాపీలు తుఫానుకి ఒక కాపీ కిందే లెక్క.

డిస్కు కొనేటప్పుడు ఎస్‌ఎంఆర్, సీఎంఆర్ అని వింటారు. ఎస్‌ఎంఆర్‌లో ట్రాకులు పెంకుల్లాగా ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి, పదేపదే తిరగరాస్తే నెమ్మదిస్తుంది. రైడ్‌కైతే అది తలనొప్పి. మన పని ఒకసారి రాసి వందసార్లు చూడటం కాబట్టి ఫరవాలేదు. నేను చూసేది స్పీడు కాదు, చప్పుడు. 5400 ఆర్‌పీఎం తీసుకోండి, హాల్లో గుయ్యిమనదు.

ఇప్పుడు కరెంటు. ఎన్100 మినీ పీసీ ఊరికే ఉన్నప్పుడు 10 వాట్ల చుట్టూ తీసుకుంటుంది అనుకుందాం. రోజంతా ఆన్‌లో ఉన్నా నెలకి 7 యూనిట్లు. గ్రాఫిక్స్ కార్డుతో ఉన్న పాత పెద్ద మిషను 50 వాట్లు తింటే 36 యూనిట్లు. ఇది ప్రతినెలా బిల్లులో వచ్చేది, కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. ఇంట్లో ఇన్వర్టరు ఉంటే దాని వెనక "యూపీఎస్" అని ఉన్న మోడ్‌లో పెట్టండి, మామూలు మోడ్‌లో అది మారేలోపు కంప్యూటరు ఆగిపోయి మళ్లీ లేస్తుంది. డిస్కు రాస్తుండగా అలా జరిగితే ఫైళ్లు పాడవుతాయి. బయోస్‌లో కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగు ఉంటుంది, అది పెట్టేయండి. ఎర్తింగు సరిగ్గా ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి. ఉప్పు గాలికి కనెక్టర్లు పచ్చబడతాయి కాబట్టి మిషన్ని కిటికీ పక్కన మాత్రం పెట్టకండి.

సాఫ్ట్‌వేర్ జెల్లీఫిన్ వేయండి. ఉచితం. వీడియోని మార్చి పంపే హార్డ్‌వేర్ పనికి కూడా డబ్బులడగదు, ప్లెక్స్‌లో దానికి ప్లెక్స్ పాస్ కొనాలి. పాత పెళ్లి వీడియోలకి ఇది అవసరం. వీసీడీలో .డాట్ ఫైళ్లుంటాయి, చాలా టీవీలకి అవి అర్థం కావు. సర్వరు వాటిని టీవీకి తెలిసిన రూపంలోకి అప్పటికప్పుడు మార్చి పంపుతుంది. డీవీడీ వీడియోలు ఇంటర్‌లేస్డ్ కాబట్టి చెయ్యి కదిపితే దువ్వెన పళ్లలా గీతలొస్తాయి. సెట్టింగుల్లో డీఇంటర్‌లేసింగ్ పెట్టండి, తలంబ్రాలు తలంబ్రాల్లాగా కనపడతాయి. ఓటీటీ మాత్రం టీవీలో ఉన్న యాప్‌లోనే చూడండి. లినక్స్ బ్రౌజరులో వాళ్లు 4కె ఇవ్వరు.

మనవరాలి సంగతి. మన దగ్గర చాలా ఇంటర్నెట్ కనెక్షన్లలో ఇంటికి సొంత పబ్లిక్ చిరునామా ఉండదు, ఒకే చిరునామా పదిమందికి పంచుతారు. అందుకని రౌటర్లో పోర్టు తెరిచినా బయటనుంచి లోపలికి దారి ఉండదు. టెయిల్‌స్కేల్ అని ఉంది, ఇంటి వాడకానికి ఉచితం. రెండు వైపులా వేస్తే అమ్మాయి ఫోను మన ఇంట్లో ఉన్నట్టే జెల్లీఫిన్‌ని చూస్తుంది. పోర్టు తెరిచి ప్రపంచానికి వదిలేయడం కన్నా ఇది భద్రం కూడా. అక్కడ ఆగి ఆగి వస్తే ఇక్కడి అప్‌లోడ్ స్పీడు చూడండి, డౌన్‌లోడ్ కాదు.

సౌండు గురించి అడుగుతారని తెలుసు. ముప్పై వేలలో 5.1 కోసం పాకులాడకండి. మన డాబా ఇళ్లలో నేలంతా టైల్సు, గోడలు బోసి. శబ్దం గిర్రున తిరుగుతుంది. రెండు మంచి స్పీకర్లు, కిటికీలకి బరువైన తెరలు, కింద ఒక జంపఖానా. పాత వీడియోల్లో మాటలు వినపడాలి, అదే మాస్టారికి కావలసింది.

పార్టుల ధరలు వారానికో రకంగా ఉన్నాయి కాబట్టి వాటాలు చెప్తాను. డబ్బులో సగం లోపు మిషనుకి, మూడో వంతు పైన రెండు డిస్కులకి, మిగిలింది అడాప్టరుకీ, కేబుళ్లకీ, స్పీకర్లు తర్వాత. మిషను కుదరకపోతే ఇంకో నెల ఆగొచ్చు. బూజు పట్టిన డిస్కులు ఆగవు, కాబట్టి ముందు డిస్కులు కొని, ఇంట్లో ఉన్న ఏ ల్యాప్‌టాప్‌తోనైనా కాపీ మొదలుపెట్టమని మాస్టారికి చెప్పాను. బూజు పట్టిన క్యాసెట్టుని మాత్రం ప్లేయర్లో పెట్టకండి, హెడ్‌కి అంటుకుని పక్క క్యాసెట్టుకీ పాకుతుంది. దాన్ని ఎలా శుభ్రం చేయాలో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటానండి.